చర్చి ఒక్కటే, ఖర్చు ఇద్దరిది: ఇంగ్లండ్ పల్లె చర్చిల కట్టడ తీరు

ఇంగ్లండ్‌లో పాత పల్లె చర్చిని దక్షిణం వైపు నుంచి, సమాధుల మధ్య గడ్డిలో నిలబడి చూస్తే, అది ఒక్క చేతిమీదుగా లేచిన కట్టడం కాదని చాలాచోట్ల ఇట్టే తెలిసిపోతుంది. పడమటి కొసన గంట గోపురం, దాన్ని ఆనుకుని జనం కూడే పొడవాటి భాగం, తూర్పు కొసన మరో చిన్న గది ఉంటాయి. పొడవాటి భాగాన్ని నేవ్ అనీ, బలిపీఠం ఉండే తూర్పు గదిని చాన్సెల్ అనీ అంటారు. ఈ రెండూ కలిసేచోట కప్పు ఒక్కసారిగా కిందికి దిగుతుంది, కిటికీల కమానులు మారిపోతాయి, ఒక్కోసారి గోడ రాయి కూడా వేరుగా కనబడుతుంది. నేవ్ ఎత్తుగా, వెలుతురుగా ఉండి చాన్సెల్ దాని వెనక ఒదిగినట్టు ఉన్న చర్చిలు ఉన్నాయి. నేవ్ సాదాగా ఉండి చాన్సెల్ మాత్రం నగిషీలతో మెరిసిపోయే చర్చిలూ ఉన్నాయి.

ఈ తేడాను సాధారణంగా శైలుల పేర్లతో వివరిస్తారు. 1817లో థామస్ రిక్‌మన్ మధ్యయుగపు ఇంగ్లిష్ కట్టడాలను నార్మన్, ఎర్లీ ఇంగ్లిష్, డెకరేటెడ్, పర్పెండిక్యులర్ అని నాలుగు తరగతులు చేశాడు. గుండ్రటి కమాను ఉంటే నార్మన్, సన్నగా మొనదేలిన కిటికీలు ఉంటే ఎర్లీ ఇంగ్లిష్, కిటికీ పైభాగంలో రాతి తీగలు వంపులు తిరిగితే డెకరేటెడ్, నిలువు కడ్డీలు పైదాకా నిటారుగా సాగితే పర్పెండిక్యులర్. రెండు శతాబ్దాలు దాటినా ఈ పేర్లే వాడుకలో ఉన్నాయంటే వాటి ప్రయోజనం తక్కువది కాదు. అయితే ఏ గోడ ఎప్పటిదో అవి చెప్పగలవు గాని, ఒక గోడను పడగొట్టి కొత్తగా కట్టినవాళ్లు దాని పక్క గోడ జోలికి ఎందుకు పోలేదో చెప్పలేవు. ఆ సంగతి తెలియాలంటే రాళ్లను వదిలి జమాఖర్చులు చూడాలి.

12వ శతాబ్దం నాటికి ఇంగ్లండ్ పల్లెలు చాలావరకు పారిష్‌లుగా స్థిరపడ్డాయి. తెలుగు కేథలిక్కులు విచారణ అని పిలుచుకునే ఏర్పాటే ఇది: ఒక చర్చి, దాని కింద ఇన్ని ఊళ్లు, వాటికొక గురువు. ఆ ఊళ్లలో పండిన పంటలో, పుట్టిన గొర్రెపిల్లల్లో, కత్తిరించిన ఉన్నిలో దశమ భాగం చర్చికి చెల్లాలి. ఆ భాగాన్ని పుచ్చుకునే హక్కు ఉన్నవాడు రెక్టర్. అతనికి చర్చి మాన్యం కూడా ఉండేది. చాలాచోట్ల ఈ హక్కు క్రమంగా మఠాలకు దఖలు పడింది. మఠమే రెక్టర్ అయినచోట పూజలు జరపడానికి ఒక బదులు మనిషిని నియమించి, రాబడిలో చిన్న వాటా అతనికిచ్చి, పెద్ద వాటా మఠం ఉంచుకునేది. వికార్ అన్న మాటకు లాటిన్ మూలంలో అర్థం అదే, బదులుగా నిలిచేవాడు అని.

రాబడి ఒకరికి పోతున్నప్పుడు మరమ్మతులు ఎవరివన్న పేచీ రాక మానదు. 13వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో గట్టిపడిన ఆచారం దాన్ని ఇలా తేల్చింది: చాన్సెల్ బాగోగులు రెక్టర్‌వి, నేవ్ బాగోగులు ఊరి జనానివి. మన గుళ్ల లెక్కలో చెప్పుకోవాలంటే, గర్భాలయం మాన్యం అనుభవించేవాడి బాధ్యత, ముఖమంటపం ఊరుమ్మడి బాధ్యత అన్నట్టు. రెండు గదుల రూపం ఈ ఆచారం కన్నా చాలా పాతది. డరమ్ ప్రాంతంలోని ఎస్కోంబ్‌లో 7వ శతాబ్దం చివర, దగ్గరలోని బించెస్టర్ రోమన్ కోట రాళ్లను తెచ్చి కట్టిన చిన్న చర్చిలోనే నేవ్, చాన్సెల్ విడివిడిగా కనిపిస్తాయి. కాబట్టి గదులను వేరుచేసింది ఈ ఆచారం కాదు. పక్కపక్కనే ఉన్న గదులు చెరో దారి పట్టడానికి మాత్రం అదే కారణమైంది.

ఆచారం గట్టిపడక ముందు ఒకే దాత కట్టించిన చర్చి ఎలా ఉండేదో హెరిఫర్డ్‌షైర్‌లోని కిల్‌పెక్ చూపిస్తుంది. సుమారు 1140లో ఎర్ర ఇసుకరాయితో కట్టిన ఈ చర్చిలో నేవ్, చాన్సెల్, దాని చివరి అర్ధవృత్తాకారపు గది ఒకదాని వెంట ఒకటి ఒకే పొందికలో సాగుతాయి. చూరు కింద రాతి దిమ్మల మీద చెక్కిన కుందేలూ వేటకుక్కా, వింత తలలూ, సిగ్గు బిడియం లేని ఒక స్త్రీమూర్తీ చుట్టూ వరుసగా వస్తాయి. వాటిలో 85 ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. ఆ వరుసకు మధ్యలో అతుకు లేదు. ఇలాంటి ఏకరూపత తర్వాతి కాలపు పల్లె చర్చిల్లో అరుదు.

రెక్టర్ గాని గురువు గాని డబ్బూ అభిరుచీ ఉన్నవాడైతే చాన్సెల్ వెలిగిపోయేది. లింకన్‌షైర్‌లోని హెకింగ్టన్‌లో 14వ శతాబ్దపు తొలి సగంలో చాన్సెల్ కట్టించిన రిచర్డ్ డి పోట్స్‌గ్రేవ్ ఆ ఊరి గురువే కాక రాజు కొలువులో సేవ చేసినవాడు. బలిపీఠానికి ఉత్తరాన గోడలో అతను చెక్కించిన ఈస్టర్ గూడులో క్రీస్తు సమాధి దగ్గర కునుకు తీస్తున్న సైనికులు ఇప్పటికీ కనిపిస్తారు. అదే గోడలో అతని సమాధి కూడా ఉంది. తన ఖర్చుతో తన పడక తానే అమర్చుకున్నాడన్నమాట. దీనికి భిన్నంగా, దూరపు మఠం రెక్టర్‌గా ఉన్నచోట చాన్సెల్ మీద పెట్టే ప్రతి పైసా మఠం రాబడిలో కోతే కాబట్టి, వాన కురవకుండా చూసుకుంటే చాలనే ధోరణి సహజంగానే ఏర్పడింది.

నేవ్ కథ వేరు. 15వ శతాబ్దంలో ఉన్ని, బట్టల వ్యాపారం కలిసొచ్చిన ఊళ్లలో డబ్బు ప్రవహించింది, అది సహజంగానే ఊరివాళ్ల భాగంలోకి ప్రవహించింది. గ్లాస్టర్‌షైర్‌లోని నార్త్‌లీచ్‌లో ఉన్ని వ్యాపారి జాన్ ఫోర్టీ నేవ్ పని పూర్తిచేయడానికి 300 పౌన్లు వీలునామాలో రాసిపోయాడు. అక్కడి నేల మీది ఇత్తడి రేకులో అతను ఒక కాలు గొర్రె మీద, ఒక కాలు ఉన్నిమూట మీద పెట్టుకుని నిలుచుని ఉంటాడు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి అతను మొహమాటపడలేదు. కొత్త నేవ్ చాన్సెల్ కన్నా ఎంత ఎత్తు పెరిగిందంటే, రెండింటి మధ్య కమాను పైన మిగిలిన ఖాళీ గోడలో ఒక పెద్ద కిటికీ పట్టింది. సఫక్‌లోని లావెనమ్‌లోనూ ఇదే పరిస్థితి. బట్టల వ్యాపారులైన స్ప్రింగ్ కుటుంబమూ, ఆక్స్‌ఫర్డ్ ప్రభువులైన డి వీర్ వంశమూ కలిసి 15వ శతాబ్దం చివర నుంచి 16వ శతాబ్దం తొలినాళ్ల వరకు నేవ్‌నూ 141 అడుగుల గోపురాన్నీ కట్టిస్తే, 14వ శతాబ్దపు చాన్సెల్ మాత్రం అలాగే, వాటి ముందు పొట్టిగా, నిలిచిపోయింది.

గోపురం కూడా ఊరి ఖాతాలోనే పడేది. అప్పటి లెక్కలు ఎంత నికరంగా ఉండేవో సఫక్ తీరంలోని వాల్బర్స్‌విక్ ఒప్పందం చూస్తే అర్థమవుతుంది. 1425లో ఆ ఊరివాళ్లు డనిచ్‌కు చెందిన రిచర్డ్ రస్సెల్, బ్లైత్‌బర్గ్‌కు చెందిన ఆడమ్ పౌల్ అనే ఇద్దరు తాపీ మేస్త్రీలతో గోపురానికి ఒప్పందం రాసుకున్నారు. నమూనా బొమ్మ గీయించలేదు. గోడలు ఫలానా ఊరి గోపురంలా, తలుపూ కిటికీలూ ఫలానా ఊరివాటిలా ఉండాలని రాశారు. పొరుగూరి కన్నా తక్కువ కాకూడదన్న పౌరుషం ఆ వాక్యాల్లో వినబడుతుంది. లేచిన ప్రతి గజం ఎత్తుకు 40 షిల్లింగులు, ఏటా ఒక పీపా హెర్రింగ్ చేపలు, ఒక్కొక్కరికి ఒక అంగీ కూలి. పని మార్చి చివరి మరియమ్మ పండుగ నుంచి సెప్టెంబర్ చివరి మిఖాయేలు పండుగ వరకే. ఈ చివరి షరతు వెనక సున్నం ఉంది: తడి ఆరని సున్నపు గచ్చులోని నీరు మంచుకు గడ్డకడితే గోడ పట్టు తప్పుతుంది. అందుకే చలికాలం పని ఆపేసేవాళ్లు, గోపురాలు ఏడాదికి కొన్ని అడుగుల చొప్పునే లేచేవి.

అదే వాల్బర్స్‌విక్ తర్వాత చితికిపోయింది. 17వ శతాబ్దం చివరికి అంత పెద్ద చర్చిని నిలబెట్టుకునే శక్తి ఊరికి లేక, చాలా భాగం పడగొట్టి, దక్షిణపు పార్శ్వం మేరకు చిన్న చర్చి మిగుల్చుకున్నారు. ఇప్పుడు అక్కడ నిండైన గోపురం, కప్పులేని గోడలు, వాటి మూలలో ఒదిగిన చిన్న చర్చి ఒకేచోట కనిపిస్తాయి. ఊరి ఆస్తి పెరిగినప్పుడు పెరిగి, తరిగినప్పుడు తరిగిన నేవ్‌కు ఇంతకన్నా సూటి సాక్ష్యం దొరకడం కష్టం.

రాయి ఎక్కడిదన్నది కూడా డబ్బు సంగతే. బండి మీద రాయి తరలించడం భారం కాబట్టి పల్లె చర్చి సాధారణంగా తన కాళ్ల కింద దొరికినదాంతోనే లేచింది. కాట్స్‌వోల్డ్స్‌లో తేనెరంగు సున్నపురాయి, ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్‌లో నిలువుగా చీల్చి నాటిన ఓక్ దుంగలు, నార్ఫక్, సఫక్‌లలో చెకుముకి రాళ్లు. ఇంగ్లండ్‌లో దాదాపు 180 గుండ్రటి గోపురాలు ఉంటే వాటిలో ఎక్కువ భాగం ఈ చివరి రెండు ప్రాంతాల్లోనే ఉన్నాయి. చెకుముకి రాయితో పదునైన మూల రాదనీ, మూలలకు కావలసిన చెక్కుడు రాయి దూరం నుంచి తేవాలి గనుక గుండ్రంగా కట్టారనీ ఎప్పటి నుంచో చెబుతున్నారు. అయితే అదే ప్రాంతంలో అదే రాయితో చదరపు మూలలున్న నేవ్‌లు గుండ్రటి గోపురాలను ఆనుకునే నిలబడి ఉన్నాయి. ఆ వివరణ పూర్తి సంగతి చెప్పడం లేదనుకోవడమే న్యాయం. చాన్సెల్ ఒక పక్కకు వాలి ఉంటే శిలువ మీద వాలిన క్రీస్తు తలకు గుర్తని చెప్పే కథ అంతకన్నా బలహీనమైనది. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మేస్త్రీలు, పాత గోడలను పట్టుకుని తాడు లాగితే గీత తప్పడం వింత కాదు.

రెండు భాగాల మధ్య హద్దు కేవలం ఖాతా పుస్తకంలో లేదు, కంటికి కనబడేది. చాన్సెల్ కమానులో చెక్కతో చేసిన తెర, దాని మీద నడవడానికి వీలైన చిన్న అటక, ఆ పైన శిలువ వేసిన క్రీస్తు, ఇరువైపులా మరియ, యోహాను ప్రతిమలు ఉండేవి. శిలువకు పాత ఇంగ్లిష్ మాటను బట్టి దీన్ని రూడ్ తెర అన్నారు. తెరకు అటువైపు గురువు లాటిన్‌లో పూజ జరిపేవాడు. ఇటువైపు నేవ్‌లో జనం నిలబడేవాళ్లు. నేవ్ జనం సొంతం కాబట్టి అక్కడ పూజ ఒక్కటే జరగలేదు. పంచాయితీలు తీర్చారు, సరుకులు దాచారు, బీరు కాచి అమ్మి ఆ లాభంతోనే కప్పు బాగుచేయించుకున్నారు.

16వ శతాబ్దంలో కేథలిక్ పద్ధతులను తోసిపుచ్చిన మతసంస్కరణ తాకిడి ఎక్కువగా పడింది ఈ హద్దు మీదనే. 1547 తర్వాత ఎడ్వర్డ్ ఆరో రాజు ప్రభుత్వం ప్రతిమలను తీయించింది, గోడచిత్రాల మీద వెల్ల వేయించింది. 1553లో కేథలిక్ అయిన మేరీ రాణి రాగానే అన్నీ తిరిగి పెట్టమన్నారు. ఎలిజబెత్ రాగానే మళ్లీ తీయమన్నారు. డెవన్‌లోని మోర్‌బాత్ అనే చిన్న పల్లెలో, 33 కుటుంబాల ఊళ్లో, 1520 నుంచి 1574 దాకా గురువుగా ఉన్న క్రిస్టఫర్ ట్రైకే రాసిన ఊరి జమాఖర్చులు మిగిలాయి. పెట్టడానికి ఒక ఖర్చు, తీయడానికి ఒక ఖర్చు, మళ్లీ పెట్టడానికి ఇంకొకటి, పైసలతో సహా అందులో ఉన్నాయి. వేదాంతపు వాదాలు ఎవరు గెలిచినా కూలి డబ్బు కట్టింది మాత్రం ఆ 33 ఇళ్లే. చివరికి 1561లో ఎలిజబెత్ ఇచ్చిన ఉత్తర్వు ఒక మధ్యేమార్గం చూపింది: అటక తీసేయాలి, నేవ్‌నూ చాన్సెల్‌నూ వేరుచేసే తెర మాత్రం ఉండాలి. అటకలు పోయినా, వాటికి ఎక్కడానికి గోడ మందంలో కట్టిన ఇరుకు మెట్లు చాలా చర్చిల్లో ఇప్పటికీ ఉన్నాయి. పైకి ఎక్కగానే అవి ఏమీ లేని గాల్లోకి తెరుచుకుంటాయి.

సఫక్‌లోని వెన్‌హాస్టన్‌లో ఈ హద్దు ఒక వింత రూపంలో దాక్కుని బయటపడింది. అక్కడ చాన్సెల్ కమాను పైభాగాన్ని చెక్కపలకలతో మూసి, వాటి మీద అంతిమ తీర్పు దృశ్యం చిత్రించి, ముందు శిలువ ప్రతిమలను బిగించారు. తర్వాత ప్రతిమలు పోయాయి, బొమ్మ మీద వెల్ల పడింది, దానిమీద రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం నుంచి పై అధికారులకు లోబడి ఉండాలన్న మాటలు రాశారు. 1892లో మరమ్మతులప్పుడు ఈ పలకలను పనికిరాని చెక్కగా లెక్కవేసి బయట సమాధుల మధ్య పడేశారు. ఆ రాత్రి వాన కురిసి వెల్ల కరిగింది. తెల్లవారేసరికి తక్కెడ పట్టిన మిఖాయేలు దూత, నరకపు నోరు, గుడ్డలు లేకున్నా కిరీటాలతో, టోపీలతో నిలబడ్డ రాజులూ బిషప్పులూ బయటపడ్డారు. పలకల మధ్యలో శిలువ, మరియ, యోహానుల ఆకారాల మేర మాత్రం రంగు లేదు, ఎందుకంటే అక్కడ ప్రతిమలు ఉన్నందున చిత్రకారుడు రంగు వేయలేదు. తీసేసిన ప్రతిమల కొలతలు ఆ ఖాళీల రూపంలో అలా దక్కాయి.

రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం సాగుతున్న రోజుల్లో, 1643 చివర, పార్లమెంటు పక్షపు సేనాని నుంచి అధికారం పొందిన విలియం డౌసింగ్ కేంబ్రిడ్జ్‌షైర్, సఫక్‌లలో 250కి పైగా చర్చిలు తిరిగి, ఎక్కడెక్కడ ఎన్ని రంగుటద్దాల బొమ్మలు పగలగొట్టించాడో దినచర్యలో రాసుకున్నాడు. అందులో పదేపదే వచ్చే ఆదేశం ఒకటుంది: చాన్సెల్ మెట్లు చదును చేయాలి. గురువు నిలబడే నేల జనం నేల కన్నా ఎత్తుగా ఉండటమే అతనికి అభ్యంతరం. ఆ తర్వాతి శతాబ్దంన్నర ప్రసంగాల కాలం. ప్రసంగపీఠం పెరిగింది, దాని చుట్టూ తలుపులున్న చెక్కపెట్టెల్లాంటి కుటుంబ బల్లలు వెలిశాయి, చాన్సెల్ చాలాచోట్ల అక్కరకు రాని గదిగా మిగిలింది.

దాన్ని మళ్లీ లేపింది విక్టోరియా కాలం. 1839లో మొదలైన కేంబ్రిడ్జ్ కామ్డెన్ సొసైటీ కుర్రవాళ్లు స్పష్టమైన చాన్సెల్ లేని చర్చి చర్చే కాదన్నట్టు మాట్లాడారు, మొనదేలిన కమానుల మధ్యయుగపు శైలి అయిన గోథిక్ ఒక్కటే క్రైస్తవపు శైలి అని తీర్మానించారు. వాళ్ల పట్టుదల వల్ల కూలిపోబోయే చర్చిలు వేలల్లో నిలబడ్డాయన్నది నిజం. పాత సున్నపు పూత గీకి, బల్లలు పీకి, 15వ శతాబ్దపు కిటికీ తీసి 13వ శతాబ్దపుదని ఊహించిన కొత్త కిటికీ పెట్టి, ఊరి చరిత్రను చెరిపారన్నదీ అంతే నిజం. ఆ తీర్మానపు నీడ ఎంత దూరం పడిందో చూడాలంటే మెదక్ దాకా రావచ్చు. 1924లో ప్రతిష్ఠించిన అక్కడి కెథడ్రల్, కరువు రోజుల్లో కూలి గింజలకు పనిచేసిన తెలుగు చేతులతో లేచినా, 173 అడుగుల గోపురంతో, మొనదేలిన కమానులతో గోథిక్ రూపాన్నే తీసుకుంది. దానికి భిన్నంగా, బిషప్ అజరయ్య పూనికతో లేచి 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్ గుడి స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ కలుపుకుంది.

ఈ గీకుడు మీద తిరగబడి 1877లో కవీ రూపశిల్పీ అయిన విలియం మోరిస్ ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. వెనకటి రూపం ఊహించి కట్టవద్దు, ఉన్నదాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండండి అన్నది దాని సారాంశం. మోరిస్ శ్రద్ధ తీసుకుని కాపాడిన విల్ట్‌షైర్‌లోని ఇంగిల్‌షమ్ చర్చిలో సాక్సన్ శిల్పమూ, ఒకదాని మీద ఒకటి పొరలుగా రాసిన గోడరాతలూ, పెట్టెబల్లలూ అన్నీ ఒకేచోట నిలిచాయి. అక్కడ ఏ శతాబ్దమూ మరోదాన్ని పూర్తిగా తుడిచేయలేదు. సున్నం విషయంలోనూ ఈ సంఘం హెచ్చరిక సరైనదే. సున్నపు గచ్చు తేమను బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే బిగుసుకుని రాయి పొరలు ఊడుతుంది. పాత గడీలకూ కోటలకూ సిమెంటు పూసిన తెలుగువారికి ఇది తెలియని సంగతి కాదు.

ఖర్చు ఇద్దరిదన్న ఆచారం మాత్రం చావలేదు. 1536 నుంచి 1540 మధ్య మఠాలు రద్దయినప్పుడు వాటి రెక్టర్ హక్కులు రాజు ద్వారా మామూలు భూస్వాముల చేతికి వచ్చాయి. చాన్సెల్ బాధ్యత కూడా ఆ భూములను అంటిపెట్టుకునే వచ్చింది. 1868లో నేవ్ కోసం వసూలుచేసే తప్పనిసరి పన్ను రద్దయింది, 1936లో దశమ భాగాలకు బదులుగా ఉన్న చెల్లింపులూ పోయాయి, కాని చాన్సెల్ బాధ్యత చట్టంలో మిగిలిపోయింది. వారిక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో చర్చి చాన్సెల్ బాగుచేయడానికి 1994లో అక్కడి ఒక పొలం యజమానులైన దంపతులకు దాదాపు 95 వేల పౌన్లకు నోటీసు వెళ్లింది. వాళ్ల పొలంలో ఒక భాగం 1743 నాటి భూపంపిణీలో దశమ భాగానికి బదులుగా రెక్టర్‌కు వచ్చిన నేల. 2003లో, అప్పట్లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ చర్చి పక్షాన తీర్పు చెప్పింది, చివరికి మరమ్మతుల మొత్తం దాదాపు రెట్టింపయింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ఇల్లు కొనేవాళ్లు ఈ బాధ్యత ఉందేమోనని వెతికించుకోవడం రివాజైంది. 2013 అక్టోబర్ 13లోగా రిజిస్టర్ చేయించని బాధ్యత ఆ తర్వాత డబ్బిచ్చి కొన్న యజమానికి తగలదని చట్టం గడువు పెట్టింది.

ఇప్పుడు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కింద దాదాపు 16,000 చర్చిలు ఉన్నాయి. ఆ దేశపు అత్యున్నత శ్రేణి రక్షిత కట్టడాల్లో సగానికి కాస్త తక్కువ ఇవే. ప్రార్థనకు జనం లేని 350కి పైగా చర్చిలను 1969లో ఏర్పడిన ఒక ట్రస్టు చూసుకుంటోంది. మిగతావాటి కప్పుల భారం ఆదివారం నాడు వచ్చే కొద్దిమంది మీద పడుతోంది, ఆ కప్పుల మీది సీసపు రేకులను దొంగలు రాత్రికి రాత్రి చుట్టుకుపోతున్నారు. దాంతో కొన్ని ఊళ్లు నేవ్‌ను మళ్లీ ఊరుమ్మడి జాగాగా వాడుకోవడం మొదలుపెట్టాయి. గంట గోపురం విడిగా చెక్కతో నిలబడి ఉండే హెరిఫర్డ్‌షైర్‌లోని యార్‌పోల్ చర్చిలో 2009 నుంచి నేవ్ పడమటి కొసన ఊరి దుకాణం, పోస్టాఫీసు నడుస్తున్నాయి. కొట్లో పాలూ రొట్టే కొనుక్కునేవాళ్లు వెనక్కి తిరిగితే, ఎదురుగా బల్లల వరుసలకు అవతల, కమాను వెనక చాన్సెల్ కనిపిస్తుంది.